శిలువ మోసిన నగరాలు

వీధే రంగస్థలం – 11

గత భాగంలో ఇంగ్లండ్‌లోని యార్క్ నగరాన్ని 1569 దగ్గర వదిలిపెట్టాం. అప్పటికి రెండు శతాబ్దాలుగా ఆ ఊరి వృత్తి సంఘాలు వేసవిలో ఒక పండగ రోజున చక్రాల బళ్ల మీద వేదికలు కట్టుకుని, తెల్లవారకముందే వీధుల్లోకి వచ్చేవి. సృష్టి మొదలుకొని అంతిమ తీర్పు దాకా బైబిల్ కథను ఘట్టాలుగా పంచుకుని కూడలి తర్వాత కూడలిలో ఆడేవి. నోవహు ఓడ కట్టే ఘట్టం ఓడలు చేసే వడ్రంగులది. కడరాత్రి భోజనం రొట్టెలు కాల్చేవాళ్లది. క్రీస్తును శిలువకు కొట్టే ఘట్టం మేకులు, గుండుసూదులు చేసేవాళ్లది. మన ఊరి జాతరలో కుమ్మరి పని కుమ్మరికి, డప్పు పని డప్పుల వాళ్లకు తరతరాలుగా ఎలా దక్కుతుందో అక్కడా అంతే. నాటకం ఎవరిదని అడిగితే ఊరిదనే జవాబు. మత సంస్కరణ తర్వాత గద్దెనెక్కినవాళ్లకు అందులో పాత కేథలిక్కు వాసన కొట్టింది. యార్క్ తర్వాత చెస్టర్, ఆ తర్వాత కోవెంట్రీ. 1580 వచ్చేసరికి ఇంగ్లండ్‌లోని పెద్ద పట్టణాల వీధుల్లో ఈ బళ్ల చప్పుడు ఆగిపోయింది.

అదే కథ నాలుగు వందల ఏళ్ల పైచిలుకు తర్వాత మళ్లీ నగరం నడిబొడ్డుకు వచ్చింది. ఈసారి బళ్ల బదులు కెమెరా క్రేన్లు వచ్చాయి. వృత్తి సంఘాల బదులు టీవీ చానెల్ డబ్బు పెట్టింది. పాత పద్యాలు పోయి రేడియోలో మోగే పాప్ పాటలు వచ్చాయి. మరి నాటకం ఇప్పుడెవరిది? చానెల్‌దా, ఊరిదా? ఈ భాగమంతా ఆ ప్రశ్న చుట్టూనే.

గొంతు వినిపించడమే నేరమైన కాలం

వీధి బళ్లు ఆగాక ఇంగ్లిష్ రంగస్థలం మీద దేవుడికి చోటు లేకుండా పోయింది. వేదిక మీద దేవుడి పేరును ఎగతాళిగా పలికితే జుర్మానా వేసే చట్టం 1606లో వచ్చింది. ఆ తర్వాత నాటకాలకు అనుమతి ఇచ్చే అధికారం లార్డ్ చాంబర్లేన్ అనే రాజాస్థాన ఉద్యోగి చేతికి వెళ్లింది. క్రీస్తు పాత్రను నటుడు పోషించకూడదన్నది ఆ కార్యాలయం పాటించిన గట్టి ఆనవాయితీ. 1968లో నాటకాల సెన్సారు రద్దయ్యేదాకా అది నడిచింది.

ఈ కట్టడిని మొదట గట్టిగా కదిపింది రేడియో. డిటెక్టివ్ నవలలతో పేరు తెచ్చుకున్న రచయిత్రి డొరొతీ సేయర్స్ బీబీసీ పిల్లల కార్యక్రమం కోసం క్రీస్తు జీవితాన్ని 12 నాటకాలుగా రాసింది. దాని పేరు 'ది మ్యాన్ బోర్న్ టు బీ కింగ్'. ప్రేక్షకులు లేని స్టూడియోలో పలికే మాటలు రంగస్థలం కిందికి రావు కాబట్టి అడ్డంకి తొలగింది. 1941 డిసెంబరులో విలేకరుల సమావేశం పెట్టి, ఆమె ఒక ఘట్టం చదివి వినిపించింది. అందులో శిష్యుడైన మత్తయి లండన్ వీధి యాసలో మాట్లాడతాడు. మర్నాడు పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆదివారపు ఆచారాలను కాపాడే సంఘాలు ప్రధాని చర్చిల్‌కు అర్జీలు పెట్టాయి. విషయం పార్లమెంటు దాకా వెళ్లింది. బీబీసీ వెనక్కి తగ్గలేదు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి చిక్కితే, ఈ నాటకాల పాపమే దేశానికి చుట్టుకుందని కొందరు అన్నారు.

ఆ గొడవలో ఒక సంగతి గమనించాలి. క్రీస్తును అవమానించారని ఎవరూ నిరూపించలేకపోయారు. అభ్యంతరమల్లా ఆయన చుట్టూ ఉన్నవాళ్లు మన పక్కింటివాళ్లలా మాట్లాడటం మీదే. మధ్యయుగపు యార్క్ ప్రేక్షకుడికి ఇది వింతగా తోచేది కాదు. అతడు చూసిన నాటకంలో శిలువకు మేకులు కొట్టే సైనికులు చెక్కకు చిల్లులు సరిగ్గా పడలేదని, బరువు మోయలేక నడుం విరుగుతోందని యార్క్ కూలీల్లాగే సణుక్కునేవాళ్లు.

1951లో బ్రిటన్ ఉత్సవం సందర్భంగా యార్క్ నాటకాలు మళ్లీ లేచాయి. సెయింట్ మేరీ మఠం శిథిలాల మధ్య ఇ. మార్టిన్ బ్రౌన్ వాటిని ఆడించాడు. క్రీస్తు వేషం కట్టిన జోసెఫ్ ఓకానర్ పేరును మొదట బయటపెట్టలేదు. దేవదూత వేషం వేసిన ఊరి పిల్లల్లో ఒకమ్మాయి, తర్వాత పేరున్న నటి అయిన జూడీ డెంచ్. ఇరవై ఏళ్లు గడిచేసరికి 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్' రాక్ సంగీతంతో న్యూయార్క్ బ్రాడ్‌వే మీద ఆడుతోంది. గొంతు వినిపించడమే తప్పనుకున్న పాత్ర గిటార్ల మధ్య గొంతెత్తి పాడుతోంది.

అయినా అదంతా టికెట్ కొనుక్కుని వెళ్లే హాలు వ్యవహారం. వీధి ఇంకా దూరంగానే ఉంది.

2006, మాంచెస్టర్

2005 జనవరిలో బీబీసీ 'జెర్రీ స్ప్రింగర్: ది ఒపెరా' అనే సంగీత నాటకాన్ని ప్రసారం చేసింది. క్రీస్తును ఎగతాళి చేశారంటూ 50,000కు పైగా ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. వీధుల్లో నిరసనలు జరిగాయి. అది జరిగిన పదిహేను నెలలకే అదే సంస్థ, ఈసారి కుర్రకారు కోసం నడిపే బీబీసీ త్రీ చానెల్‌లో, క్రీస్తు శ్రమల కథను పాప్ పాటలతో గుడ్ ఫ్రైడే రాత్రి నడివీధిలోంచి ప్రత్యక్ష ప్రసారం చేస్తామంది. గుండె ధైర్యం ఉండాల్సిన పనే.

2006 ఏప్రిల్ 14. చోటు మాంచెస్టర్‌లోని ఆల్బర్ట్ స్క్వేర్. ఎదురుగా ఆల్‌ఫ్రెడ్ వాటర్‌హౌస్ కట్టిన టౌన్ హాల్. 1877లో తెరిచిన ఆ భవనానికి 280 అడుగుల గడియార స్తంభం ఉంది. పత్తి మిల్లుల సొమ్ముతో ఎదిగిన ఊరు తన దర్జా చాటుకోవడానికి కట్టుకున్న కట్టడమది. ఆ చౌకు కొత్తగా శిలువను చూడటం లేదు. 1801 నుంచీ పెంతెకొస్తు పండగ రోజుల్లో ఆదివారపు బడుల పిల్లలు జెండాలు, బ్యాండులతో మాంచెస్టర్ వీధుల్లో ఊరేగడం ఆచారం. చర్చికి వెళ్లేవాళ్ల సంఖ్య తగ్గాక ఆ ఊరేగింపు పలచబడింది గానీ, మతం ఆ ఊళ్లో వీధిలో నడిచిందన్న జ్ఞాపకం పోలేదు. కిలోమీటరు కూడా పోనక్కర్లేని దూరంలో ఇంకో జ్ఞాపకమూ ఉంది. 1996 జూన్ 15న ఐరిష్ సాయుధ సంస్థ ఐఆర్‌ఏ పెట్టిన ట్రక్కు బాంబు ఆ ఊరి వ్యాపార కేంద్రాన్ని చీల్చేసింది. రెండు వందల మందికి పైగా గాయపడ్డారు. ఎవరూ చనిపోలేదు. ఊరి మధ్యభాగాన్ని చాలావరకు తిరిగి కట్టుకున్నారు. పడి లేవడమంటే ఏమిటో ఆ ఊరికి ఒకరు చెప్పనక్కర్లేదు.

కార్యక్రమం పేరు 'మాంచెస్టర్ ప్యాషన్'. డారెన్ మార్ఫిట్ క్రీస్తుగా, గాయని డెనీస్ జాన్సన్ మరియగా కనిపించారు. నటుడు కీత్ అలెన్ కథ చెప్పాడు. ఇస్కరియోతు యూదా వేషం టిమ్ బూత్‌ది. అతడు మాంచెస్టర్ బ్యాండ్ 'జేమ్స్'కు గాయకుడు. వేషాలన్నీ ఈ కాలపు మామూలు బట్టల్లోనే. చౌకు నిండా వేలాది జనం. వాళ్లలో భక్తులున్నారు, పాటల కోసం వచ్చినవాళ్లున్నారు, శుక్రవారం రాత్రి పబ్బుకు పోతూ ఆగినవాళ్లూ ఉన్నారు.

ఈ నాటకానికి ఒక్క పాట కూడా కొత్తగా రాయించలేదు. దాదాపు అన్నీ మాంచెస్టర్ బ్యాండ్లు అప్పటికే పాడినవే. ఏర్పాట్లన్నిటిలో కీలకమైనది ఇదే.

పాట మారదు, అర్థం మారుతుంది

మాంచెస్టర్‌కు పాటలేమీ తక్కువ లేవు. 1978లో మొదలైన ఫ్యాక్టరీ రికార్డ్స్, 1982లో తెరిచిన హాసియెండా క్లబ్బు ఆ ఊరిని ప్రపంచ సంగీత పటం మీద పెట్టాయి. జాయ్ డివిజన్, న్యూ ఆర్డర్, ది స్మిత్స్, స్టోన్ రోజెస్, ఒయాసిస్. ఈ పేర్లు ఆ ఊరి కుర్రాళ్లకు తమ వీధుల పేర్లంత దగ్గర.

కడరాత్రి భోజనం దగ్గర క్రీస్తు పాడింది జాయ్ డివిజన్ వారి 'లవ్ విల్ టేర్ అజ్ అపార్ట్'. ఆ పాట రాసి పాడిన ఇయన్ కర్టిస్ 1980 మే నెలలో, 23 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. పాట విడుదలైంది ఆ మర్నెల. కూలిపోతున్న దాంపత్యం గురించి రాసిన పాట అది. తనను పట్టిచ్చేవాడు ఇదే బల్ల దగ్గర కూర్చున్నాడని తెలిసిన మనిషి నోట వినేసరికి, అందులోని ప్రేమ పేరు మారింది. పైగా ఆ చౌకులో నిలబడినవాళ్లకు ఇంకో చావు కూడా గుర్తొస్తుంది. ఆ పాట పాడినవాడు తమ ఊరి చుట్టుపక్కల పెరిగినవాడే. కర్టిస్ పోయాక మిగిలిన ముగ్గురూ న్యూ ఆర్డర్ అనే పేరుతో కొనసాగారు. 1983లో వాళ్లు చేసిన 'బ్లూ మండే' క్లబ్బుల్లో అదరగొట్టింది. దాన్ని ఇక్కడ క్రీస్తు, యూదా ఎదురెదురుగా పాడారు. చావుకు ముందు పాట, చావు తర్వాత పాట. అవి వచ్చిన వరస ఆ ఊరివాళ్లకు విడమరిచి చెప్పే పని లేదు.

చివర పునరుత్థానం. 1989లో స్టోన్ రోజెస్ తమ మొదటి ఆల్బమ్‌ను ముగించిన పాట 'ఐ యామ్ ది రిసరెక్షన్'. నిజానికి అది భక్తి పాట కాదు. అహంకారం నిండిన కుర్రవాడి పాట. టౌన్ హాల్ గోపురం మీద వెలుగులో నిలబడి క్రీస్తు దాన్ని అందుకుంటే, కింద జనం గొంతు కలిపారు. ఎంతమందికి విశ్వాసం ఉందో ఎవరు లెక్కగట్టగలరు? ఆ పాట మాత్రం ప్రతివాడికీ నోటికి వచ్చు.

మధ్యయుగపు మేకుల సంఘానికీ ఈ రాత్రికీ ఉన్న చుట్టరికం ఇక్కడ తెలుస్తుంది. యార్క్‌లో కథను ఊరిది చేసింది ఊరి చేతిపని. మాంచెస్టర్‌లో ఆ స్థానంలోకి ఊరి పాట వచ్చింది. మిల్లులు మూతబడ్డాక ఆ నగరం లోకానికి అమ్మింది పాటనే. రొట్టెలవాళ్లు తమ రొట్టెను బల్ల మీద పెట్టినట్టే, మాంచెస్టర్ తన పాటను పెట్టింది.

బీబీసీ మరుసటి ఏడాది డిసెంబరులో ఇదే పద్ధతిని లివర్‌పూల్‌కు తీసుకెళ్లి, బీటిల్స్ వంటి ఆ ఊరి పాటలతో క్రిస్మస్ కథ ఆడించింది. అక్కడితో దాని ఉత్సాహం సన్నగిల్లింది. ఈ విత్తనం వేరే దేశంలో మొలకెత్తింది.

దేవుడు లేడనే దేశంలో

నెదర్లాండ్స్‌లో గుడ్ ఫ్రైడే వారానికీ సంగీతానికీ పాత బంధం ఉంది. 1899లో వాద్యబృంద నిర్దేశకుడు విలెం మెంగెల్‌బర్గ్ ఆమ్‌స్టర్‌డామ్‌లోని కన్సర్ట్‌గెబావ్ హాలులో మట్టల ఆదివారం నాడు బాఖ్ కూర్చిన 'సెయింట్ మాథ్యూ ప్యాషన్' వినిపించాడు. 1922 నుంచి నార్డెన్ పట్టణపు పెద్ద చర్చిలో ఏటా అదే ప్రదర్శన. మంత్రులు, పెద్దమనుషులు హాజరయ్యే వేడుక. చర్చికి పోవడం మానేసినవాళ్లు కూడా దాన్ని వదలరు. అయితే మూడు గంటల జర్మన్ సంగీతం, టికెట్ ధర, మంచి కోటు. ఇవన్నీ ఉన్నవాళ్లకే ఆ తలుపు తెరుచుకుంటుంది.

మాంచెస్టర్ ప్రయోగం చూసిన డచ్ నిర్మాత జాకో డోర్న్‌బోస్ అదే పని తమ భాషలో చేయాలనుకున్నాడు. డచ్ ప్రజా ప్రసార వ్యవస్థకు ఒక ప్రత్యేకత ఉంది. ప్రభుత్వ చానెల్‌లో సమయాన్ని ఒక్కో సామాజిక వర్గం నుంచి పుట్టిన సంస్థలు పంచుకుంటాయి. సువార్త ప్రొటెస్టెంట్ల ఈఓ 1967లో పుట్టింది. కేథలిక్కుల కేఆర్‌ఓ అంతకంటే పాతది, 1925 నాటిది. ఒకప్పుడు ఆ రెండు వర్గాల పిల్లలు వేరువేరు బడులకు వెళ్లేవాళ్లు, పెద్దలు వేరువేరు పత్రికలు చదివేవాళ్లు. ఇప్పుడు ప్రొటెస్టెంట్, కేథలిక్కు ప్రసార సంస్థలు చేతులు కలిపాయి. ఈ కథ కోసం రెండు వర్గాలూ ఒకే వేదిక ఎక్కాయి.

2011 ఏప్రిల్ 21, పరిశుద్ధ గురువారం రాత్రి. జున్నుకు పేరుపడ్డ గౌడా పట్టణం. సంత చౌకులో 15వ శతాబ్దపు టౌన్ హాల్ ముందు 'ది ప్యాషన్' మొదటిసారి జరిగింది. డె కాస్ట్ బ్యాండ్ గాయకుడు సిబ్ వాన్ డెర్ ప్లూఖ్ క్రీస్తుగా పాడాడు. పాటలన్నీ డచ్ జనం పెళ్లిళ్లలో, కార్లలో, స్నానాల గదుల్లో పాడుకునేవే. చౌకులో నిలబడి చూడటానికి డబ్బు కట్టనక్కర్లేదు.

తర్వాత అది ఏటా ఊరు మారుతూ వచ్చింది. 2012లో రోటర్‌డామ్, 2013లో హేగ్, 2014లో గ్రోనింగెన్, 2015లో ఎన్‌స్కెడె. 2014లో టీవీ ముందు కూర్చున్నవాళ్లు 30 లక్షలకు పైమాటే. దేశం మొత్తం జనాభా అప్పటికి కోటీ 70 లక్షలు దాటలేదు. మరి అదే దేశంలో 2017 నాటికి ఏ మతానికీ చెందమని చెప్పుకునేవాళ్లు సగం దాటారు. చర్చీలు పుస్తకాల దుకాణాలుగా, అపార్ట్‌మెంట్లుగా మారుతున్న కాలంలో క్రీస్తు శ్రమల కథకు ఇంతమంది కూర్చోవడం ఏమిటని పత్రికలు తలలు బద్దలు కొట్టుకున్నాయి.

ఊరు మారడంలోనే కొంత జవాబు ఉందనిపిస్తుంది. 2018లో ఆ వంతు ఆమ్‌స్టర్‌డామ్ ఆగ్నేయ భాగంలోని బైల్మర్‌కు వచ్చింది. సురినామ్, ఆంటిలీస్ దీవులు, ఘనా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువగా ఉండే ప్రాంతమది. దాని గురించి పత్రికల్లో వచ్చేవి చాలాకాలం నేర వార్తలే. టామీ క్రిస్టియాన్ క్రీస్తుగా, గ్లెనిస్ గ్రేస్ మరియగా పాడిన ఆ రాత్రి, దేశమంతా బైల్మర్ వీధుల్ని యెరూషలేముగా చూసింది. పర్యాటక శాఖ వందేళ్లు ప్రచారం చేసినా ఆ వీధులకు అంత మర్యాద దక్కదు.

క్రీస్తు ముఖం కూడా దాదాపు ఏటా మారుతుంది. తెలుగు పాఠకులకు ఇది కాస్త వింతగా ఉండొచ్చు. 1978లో 'కరుణామయుడు' వచ్చినప్పటి నుంచి రెండు తరాల పాటు తెలుగువాళ్ల మనసులో క్రీస్తు అంటే విజయచందర్ ముఖమే. డచ్ వాళ్లు ఏ ముఖాన్నీ అలా నిలవనివ్వరు. ఈ ఏడు రాక్ గాయకుడు, వచ్చే ఏడు సంగీత నాటకాల నటుడు. పాత్ర ఎవరి సొత్తూ కాకుండా ఉంటుంది.

శిలువ ఎప్పుడొస్తుంది?

చూసేవాళ్లకు పాటల కచేరీలా కనిపించే ఈ కార్యక్రమం లోపల రెండు గడియారాలు నడుస్తుంటాయి. ఒకటి వేదిక మీద. అక్కడ కథకుడు ఘట్టాలను కలుపుతూ పోతాడు. ఊళ్లో ముందే చిత్రీకరించిన దృశ్యాలు, అప్పటికప్పుడు పాడే పాటలు ఒకదాన్నొకటి అందుకుంటాయి. రెండో గడియారం వీధుల్లో. లోపల దీపాలు పెట్టిన పెద్ద తెల్లని శిలువను మామూలు మనుషులు భుజాలు మార్చుకుంటూ మోసుకొస్తారు. వేదిక మీద రోమా అధిపతి పిలాతు తీర్పు చెప్పే వేళకు శిలువ చౌకు పొలిమేరలకు చేరాలి. ముందొస్తే ఘట్టం తేలిపోతుంది, ఆలస్యమైతే ప్రత్యక్ష ప్రసారం చేతులు కట్టుకుని నిలబడాలి.

నా లెక్కలో ఈ ఊరేగింపే కార్యక్రమానికి ప్రాణం. ఒక విలేకరి శిలువ మోసేవాళ్ల పక్కనే నడుస్తూ మైకు పెడతాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, మందు మానేసిన మనిషి, చాలా ఏళ్లుగా చర్చి గడప తొక్కనివాడు తమ మాట చెప్పుకుంటారు. ప్రార్థన చేయడం రానివాడికి బరువు మోయడం వచ్చు. యార్క్ సంఘాలకు దొరికినట్టే మామూలు జనానికి ఈ కథలో చేతులు పెట్టే పని ఇక్కడ దొరికింది. పాట వినాలి, కథ చూడాలి. శిలువ మాత్రం మోయాలి.

శిలువ వేసే దృశ్యాన్ని మాత్రం నటించి చూపరు. ఆ మాటలు కథకుడు చెబుతాడు. రక్తం, కొరడాలు, మేకులు ఉండవు. చివర ఏదో ఎత్తైన చోట, జనం తలలెత్తి చూసే మేడ మీద, క్రీస్తు మళ్లీ కనిపించి పాడతాడు. సౌమ్యం మరీ ఎక్కువైందని, నొప్పి లేని శ్రమలేమిటని కొందరు విశ్వాసులు విసుక్కున్నారు. ఆ విసుగులో న్యాయం ఉంది. మధ్యయుగపు నాటకం చావును దగ్గరగా చూపించేది. టీవీ దాన్ని మాటల్లో దాటేసింది.

2020లో ఈ వంతు రూర్‌మాండ్‌ది. కోవిడ్‌తో ఆగిపోయింది. మరుసటి ఏడు అదే ఊళ్లో జరిగింది గానీ చౌకులో జనం లేరు. పాటలు అవే, వేదిక వెలుగులు అవే. జనం లేకపోతే పిలాతు తీర్పు అడిగేది ఎవరిని?

అమెరికాలో ఒకే ఒక్క రాత్రి

డోర్న్‌బోస్ ఈ పద్ధతిని అమెరికాకు తీసుకెళ్లాడు. ఫాక్స్ చానెల్ 2016 మార్చి 20న, మట్టల ఆదివారం రాత్రి, న్యూ ఓర్లీన్స్ నుంచి 'ది ప్యాషన్' ప్రత్యక్ష ప్రసారం చేసింది. ఆ ఊళ్లోనే పుట్టిన టైలర్ పెర్రీ కథకుడు. క్రీస్తుగా జెన్‌కార్లోస్ కనేలా, మరియగా కంట్రీ సంగీత గాయని ట్రిషా ఇయర్‌వుడ్, యూదాగా క్రిస్ డాట్రీ, పేతురుగా ప్రిన్స్ రాయిస్, పిలాతుగా సీల్. సూపర్‌డోమ్ స్టేడియం దగ్గర బయలుదేరిన 20 అడుగుల వెలుగుల శిలువ మిసిసిపీ ఒడ్డున వోల్డెన్‌బర్గ్ పార్కు దాకా నడిచింది. 2005లో కత్రినా తుపాను ముంచేసినప్పుడు ఇల్లు పోయిన జనం తలదాచుకున్నది ఆ సూపర్‌డోమ్‌లోనే. బయలుదేరే చోటును బాగా ఎంచుకున్నారు.

పాటలను మాత్రం బాగా ఎంచుకోలేదు. ఎక్కువ భాగం దేశమంతా ఏ ఊళ్లోనైనా రేడియోలో వినిపించే హిట్లే. జాజ్ పుట్టిన ఊరది. శవయాత్రలో ఇత్తడి బ్యాండు ముందు ఏడుపు రాగం వాయించి, సమాధి దాటి తిరిగి వచ్చేటప్పుడు ఆడించే వాయిద్యం అందుకోవడం ఆ ఊరి నల్లజాతి సంప్రదాయం. చావు, ఊరేగింపు, మళ్లీ లేవడం అన్నీ ఆ వీధి సంగీతంలో ముందే ఉన్నాయి. అలాంటి ఊరికి పొరుగునుంచి పాటలు తెచ్చుకోవడం ఎందుకు? కార్యక్రమాన్ని సుమారు 66 లక్షల మంది చూశారు. అదే చానెల్ ఏడు వారాల ముందు ప్రసారం చేసిన 'గ్రీజ్' సంగీత నాటకాన్ని చూసింది కోటీ 20 లక్షల పైచిలుకు. రెండో ఏడు అది రాలేదు. వ్యాపార లెక్కలు వేరే ఉండొచ్చు. నా మట్టుకు, న్యూ ఓర్లీన్స్ ఆ రాత్రి తన కథ తాను చెప్పుకోలేదు. వేదికకు చోటు మాత్రం ఇచ్చింది.

జర్మనీలో ఆర్‌టీఎల్ అనే ప్రైవేటు చానెల్ 2022 ఏప్రిల్ 13న ఎస్సెన్ నగరంలో, 2024లో కాసెల్ నగరంలో ఇదే పని చేసింది. ఎస్సెన్‌లో క్రీస్తుగా పాడిన అలెగ్జాండర్ క్లావ్స్ అంతకు దాదాపు ఇరవై ఏళ్ల ముందు టీవీ పాటల పోటీలో గెలిచి పైకొచ్చినవాడు. కథకుడు తమాషా కార్యక్రమాలతో ఇంటింటికీ తెలిసిన థామస్ గాట్‌షాక్.

జనం ఎవరు?

జర్మనీ పేరు వచ్చింది కాబట్టి ఒక చేదు నిజం చెప్పుకోవాలి. శ్రమల నాటకానికి మచ్చలేని చరిత్ర లేదు. బవేరియాలోని ఓబెరామర్‌గౌ గ్రామం 1633 ప్లేగులో మొక్కుకుని, 1634 నుంచి ఈ నాటకం ఆడుతోంది. పదేళ్లకోసారి ఊరంతా కలిసి ఆడే ఆ ప్రదర్శనలో యూదుల్ని క్రీస్తు హంతకులుగా చూపే రాత తరాలపాటు నడిచింది. 1934లో మూడు వందల ఏళ్ల ఉత్సవానికి హిట్లర్ వచ్చి చూసి మెచ్చుకున్నాడు. ఆ విషాన్ని తీసేయడానికి 1990లో దర్శకత్వం చేపట్టిన క్రిస్టియాన్ ష్టూకల్ దశాబ్దాలు కష్టపడాల్సి వచ్చింది. మధ్యయుగంలో ఎన్నో ఊళ్లలో గుడ్ ఫ్రైడే వచ్చిందంటే యూదులు తలుపులు వేసుకుని కూర్చునేవాళ్లు.

నగర మధ్యంలో జీన్సు ప్యాంట్లతో ఆడే నాటకం ఈ చిక్కును ఒక విధంగా విప్పింది. అందరివీ ఒకే రకం బట్టలు. వేరే జాతి అని వేలెత్తి చూపడానికి వేషమే లేదు. విడిచిపెట్టాల్సింది నేరస్థుడైన బరబ్బనా, యేసునా అని పిలాతు అడిగినప్పుడు ఎదురుగా ఉండేది మైకులు, ఫోన్లు పట్టుకున్న ఆ ఊరి జనం. నింద వేయడానికి పరాయివాడు దొరకడు. దొరికేది తామే. చానెల్‌వాళ్లు దీన్ని ఆలోచించి చేశారో లేదో గానీ, మధ్యయుగం నుంచి వచ్చిన ఒక పాపాన్ని ఈ పద్ధతి చాలావరకు కడిగింది.

మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. నాటకం ఎవరిది? డబ్బు చానెల్‌ది, హక్కులు నిర్మాతవి, కెమెరా ఎటు తిరగాలో చెప్పేది దర్శకుడు. యార్క్ సంఘాల లెక్క ప్రకారం చూస్తే ఊరికి మిగిలేది ఏమీ లేదు. అయినా మాంచెస్టర్ తన పాటలు ఇచ్చింది, గౌడా చౌకులో జనం తమ గొంతులు ఇచ్చారు, బైల్మర్ తన వీధులు ఇచ్చింది. ఇచ్చినంత మేరకు నాటకం వాళ్లదైంది. న్యూ ఓర్లీన్స్ దగ్గర అడిగింది చోటు ఒక్కటే కాబట్టి, తెల్లారేసరికి వేదిక విప్పుకుని వెళ్లిపోయారు. రేపు ఏ నగరం ఈ కథను నడివీధికి తెచ్చినా, ముందు అడగాల్సింది క్రీస్తు వేషం ఎవరిదని కాదు. పాడబోయే పాటల్లో ఆ ఊరికి కంఠతా వచ్చినవి ఎన్ని, శిలువను మోయబోయే భుజాల్లో ఆ ఊరివి ఎన్ని అని.

*(వచ్చే భాగం: కలరా నుంచి బతికి బయటపడ్డ మెక్సికో నగర శివారు ఇస్తపలాపా 1843 నుంచి ఏటా తన వీధుల్లో ఆడుతున్న శ్రమల నాటకం. లక్షల జనం మధ్య నిజంగా బరువైన శిలువ మోసే కుర్రవాడిని ఎలా ఎంచుకుంటారు?)*